నీలం విమానం రెక్కలు ఊపలేదు

మా అన్నయ్య ఆర్వల్‌కి ఓష్‌కోష్ వెళ్ళాలనిపించని వేసవి లేదు, వెళ్ళిన వేసవీ లేదు. జూలై చివర్లో దేశం నలుమూలల నుంచీ చిన్న విమానాలన్నీ విస్కాన్సిన్‌లోని ఆ ఊరికి ఎగిరిపోతాయి. ఎవరి విమానం రెక్క కింద వాళ్ళు గుడారం వేసుకుని, పక్కవాడి ఇంజను గొప్పలు వింటూ, తమవి చెప్పుకుంటూ వారం రోజులు గడ్డిలో కాపురం ఉంటారు. మా నెబ్రాస్కాలో జూలై చివరంటే మొక్కజొన్న పాలుపోసుకునే సమయం. అప్పుడు నీళ్ళు ఆగితే పంట దెబ్బతింటుంది. అందుకని అన్నయ్య ప్రతి ఏడూ పొలంలో నీళ్ళ గొట్టాల వెంట తిరుగుతూ, తూర్పుకి పోయే విమానాలను తలెత్తి చూసి, వాటిని నడిపేవాళ్ళను పేరుపేరునా తిట్టేవాడు.

ఈ ఏడు పొలం కౌలుకిచ్చేశాడు. ఇక సాకు లేదు.

విమానంలో నాకూ సగం వాటా ఉంది. ఆ సగం ఏ సగమో ఇప్పటికీ తేలలేదు. పెట్రోలు పోయించాల్సి వస్తే ముందు సగం నాది, కడగాల్సి వస్తే మొత్తం నాదే. నాకు ఎగరడం నేర్పింది అన్నయ్యే. పెళ్ళి పెటాకులయ్యాక స్కూలు బస్సు నడుపుకుంటూ బతికిన నాకు, శనివారం పూట ఆ విమానమే పుట్టిల్లు.

ఫిబ్రవరిలోనే అన్నయ్య వంటింటి బల్ల మీద పటం పరిచి కూర్చున్నాడు. ఓష్‌కోష్‌లో దిగడానికి వేరే పద్ధతి ఉంది. ఒకేసారి అన్ని విమానాలు వస్తాయి కాబట్టి రేడియోలో ఎవరూ నోరెత్తకూడదు. రిపన్ అనే ఊరి దగ్గర వరసలో చేరి, రైలు పట్టాల మీదుగా ఒకరి వెనక ఒకరు రావాలి. దారిలో ఫిస్క్ అనే చోట కింద కొందరు బైనాక్యులర్లు పట్టుకుని నిలబడతారు. వాళ్ళకి మీ పేరు అక్కర్లేదు, నంబరు అక్కర్లేదు. రంగేమిటో, రెక్క ఒంటికి పైనుందో కిందుందో చూసి, కంటికి కనిపించినట్టు పిలుస్తారు. "పసుపు విమానం, పై రెక్క, రెక్కలు ఊపండి" అంటారు. ఊపితే అదే జవాబు. అప్పుడు ఏ రన్‌వే మీద, ఏ రంగు చుక్క మీద చక్రాలు ఆనించాలో చెబుతారు.

అన్నయ్యకి ఇది తెగ నచ్చేసింది.

"నోరు మూసుకుని రెక్కలు ఊపాలటే వోనీ! నీకు చాలా కష్టం," అన్నాడు. లవోన్ అన్న నా పేరు వాడి నోట్లో వోనీ.

"నీకేం తక్కువ? పెళ్ళిలో ప్రమాణం చేయమంటే పాస్టరుగారికి గాలి ఎటు వీస్తోందో చెప్పినవాడివి."

"ఆ రోజు గాలి నిజంగానే అడ్డంగా వీచింది," అంది వదిన, స్టవ్ దగ్గర్నుంచి తిరక్కుండానే. వదిన పేరు ఆర్డిస్. మాటలు పొదుపు.

వసంతమంతా అదే గోల. సామానంతా ధాన్యం తూచే కాటా మీదకి ఎక్కించాడు. వదిన పెద్ద ఇనప పెనం సంచిలో పెట్టింది. అన్నయ్య తీసేశాడు. వదిన మళ్ళీ పెట్టింది.

"పెనమన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. ఇంత బరువు లేవదు," అన్నాడు అన్నయ్య.

"పెనం గుడ్లు వేయిస్తుంది. నువ్వేం చేస్తావు?" అంది వదిన.

గుడారం మేకులు కొన్నాడు. వారం తిరక్కుండా మళ్ళీ కొన్నాడు. మే నెలలో ఇంకో పొట్లం తెచ్చాడు. "ఏంట్రా అన్నయ్యా, విమానానికి కట్టడానికా, ఊరికి కంచె వెయ్యడానికా?" అని పడీ పడీ నవ్వాను. తనూ నవ్వాడు, కాస్త ఆలస్యంగా.

జూలై మొదట్లో ఒక శనివారం ఏర్‌ఫీల్డు షెడ్డులో ఊరందరికీ పాన్‌కేకుల ఫలహారం అయ్యాక, ఓష్‌కోష్‌లో దిగే పద్ధతిని ఒకసారి సాధన చేద్దామని అనుకున్నాం. మా ఊరికీ రైలు పట్టాలున్నాయి. అవి ధాన్యం గోదాముల దాకా వస్తాయి. ఆ కాంక్రీటు గోదాముల పక్కన మడతకుర్చీ వేసుకుని, చేతి రేడియో పట్టుకుని నేను ఫిస్క్‌లో నిలబడే మనిషిననుకోవాలి. ముందు మా పక్కూరి గేలెన్ తన పసుపు విమానంలో వస్తాడు. వెనక అన్నయ్య మా విమానంలో.

గేలెన్ వచ్చాడు. "పసుపు విమానం, పై రెక్క, రెక్కలు ఊపండి," అన్నాను, గొంతు వీలైనంత సర్కారీగా పెట్టి. గేలెన్ ఊపాడు. వెళ్ళిపోయాడు.

అతని వెనకే అన్నయ్య పట్టాల మీద చక్కగా గీత గీసినట్టు వస్తున్నాడు. చూస్తే ముచ్చటేసింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా వాడిలా ఎత్తు పట్టి ఉంచేవాణ్ణి నేను చూడలేదు.

"నీలం విమానం, కింది రెక్క, రెక్కలు ఊపండి."

పైన ఏమీ కదల్లేదు.

"నీలం విమానం, పట్టాల మీద ఉన్నవారు, రెక్కలు ఊపండి."

రేడియో గరగరలాడింది. "వోనీ, ఆ నీలం వాడెవడో నాకు కనపట్టం లేదే. నా వెనకున్నాడా?"

వేళాకోళమనుకున్నాను. ఏడ్చావులే, రెక్కలూపు అనబోయాను. ఈలోగా విమానం ఎడమ పక్కకి వంగింది, తర్వాత కుడి పక్కకి. అది ఊపడం కాదు. తన దగ్గర్లో ఇంకో విమానం ఉందని భయపడిన పైలట్ దాన్ని వెతుక్కునే తీరు.

"వాడు నా కిందున్నాడేమో. నేను పక్కకి తప్పుకుంటున్నా," అన్నాడు. గొంతులో కంగారు ఉంది.

పట్టాలు వదిలి గోదాముల వైపు తిరిగాడు. కళ్ళు మాత్రం, అక్కడ లేనే లేని విమానం కోసం వెనక్కి చూస్తున్నట్టున్నాయి. తిరిగేకొద్దీ ఎత్తు తగ్గుతున్నాడు. కుర్చీలోంచి ఎప్పుడు లేచానో నాకు తెలియదు. మా విమానం ఒకప్పుడు ఎర్రది. వడగళ్ళవానకి ఒళ్ళంతా సొట్టలు పడితే, బాగు చేయించి నీలం రంగు వేశాం. ఒళ్ళు నీలం, రెక్కలు తెలుపు. టేపు అంటించింది అన్నయ్యే, రంగు కొట్టింది అన్నయ్యే. అది నిన్నా మొన్నటి సంగతి కూడా కాదు.

"ఎర్ర విమానం," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎర్ర విమానం, కింది రెక్క, దారి ఖాళీగా ఉంది. పైకి లేచి పట్టాల మీదకి రండి. రెక్కలు ఊపండి."

విమానం తిన్నబడింది. పైకి లేచింది. గోదాముల మీదుగా వచ్చి, పట్టాలు పట్టుకుని, రెక్కలు రెండూ నిండుగా, సంబరంగా ఊపింది.

ట్రక్కు నడుపుకుంటూ ఏర్‌ఫీల్డుకి ఎలా చేరానో చెప్పలేను. గేలెన్ తన విమానం పక్కన నిలబడి నన్ను చూశాడు. తనూ రేడియో విన్నాడు. "ఆర్వల్ రేడియో సరిగ్గా వినపడటం లేదేమో, ఒకసారి చూపించండి," అని ముఖం తిప్పుకున్నాడు. మంచివాడు. ఆ మంచితనం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

అన్నయ్య తలుపు తీసుకుని దిగాడు, మొహం వెలిగిపోతూ.

"చూశావా ఎలా ఊపానో? గేలెన్‌గాడు ఊపింది రెక్కలా, ఆవుతోకా?"

"బాగా ఊపావురా," అన్నాను.

"ఆ నీలం వాడెవడో కనుక్కో. రేడియో లేకుండా తిరిగేవాణ్ణి ఓష్‌కోష్ రానివ్వకూడదు." అలా అంటూ విమానం నీలం ఒంటికి జారబడి, టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు.

డాక్టరు కిందటి ఏడు వాడి గుండె చూశాడు, కళ్ళు చూశాడు, చెవులు చూశాడు. ఎగరచ్చు అన్నాడు. నీ విమానం ఏ రంగని ఏ డాక్టరూ అడగడు.

ఆ మధ్యాహ్నం వదిన దగ్గరికి వెళ్ళాను, పోట్లాడదామనే. వదిన రూబార్బ్ అనే పుల్లటి కాడలు తరుగుతోంది, ప్రయాణంలో తినడానికి తీపి బిళ్ళలు చేద్దామని.

"నీకు తెలుసు కదూ వదినా?"

కత్తి ఆగలేదు. "పోస్టాఫీసు నుంచి ఇంటికి దారి అడిగాడట. పోస్టుమాస్టరు భార్య చెప్పింది."

"ఎప్పుడు?"

"ఈస్టరు ముందు."

"మరి డాక్టరుకి చూపించవా?"

"చూపిస్తే ఎగరనివ్వరు. ఓష్‌కోష్ వెళ్ళొచ్చాక చూపిద్దామనుకున్నా. ఈ ఒక్కటీ వెళ్ళొస్తే చాలనుకున్నా."

"వాడు ఒంటరిగా పైకెళ్తుంటే నీకు నిద్రెలా పట్టింది?"

"పట్టలేదు," అంది వదిన.

వదిన కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

"నీకు మాత్రం తెలీదా లవోన్? ఇంట్లో ఆ మేకుల పొట్లాలన్నీ చూసి నవ్వావుగా. నవ్వేటప్పుడు నీకేమీ అనిపించలేదా?"

అనిపించింది. అనిపించింది కాబట్టే అంత గట్టిగా నవ్వాను. ఆ మాట వదినకి చెప్పలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని మిగిలిన కాడలు నేను తరిగాను.

మర్నాడు చర్చి అయ్యాక షెడ్డుకి వెళ్ళాను. ఓష్‌కోష్‌లో దిగాక గుడారాల వైపు పంపించమని చెప్పే అట్ట ఒకటి విమానం అద్దంలో పెట్టాలి. అన్నయ్య దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు దిద్దుతున్నాడు. చెయ్యి ఏమాత్రం వణకడం లేదు. నాలుక పక్కకి పెట్టుకుని చిన్నపిల్లాడిలా శ్రద్ధగా దిద్దుతున్నాడు. అది చూశాక వెనక్కి వెళ్ళిపోదామనిపించింది.

"అన్నయ్యా, మన విమానం ఏ రంగు?"

"కళ్ళద్దాలు మార్చుకోవే. నీలం."

"నిన్న నేను నీలం అని పిలిస్తే నువ్వు పలకలేదు."

నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. బ్రష్ అట్ట మీదే ఉండిపోయింది, అక్కడ రంగు మరకలా పరుచుకుంది.

"రెండుసార్లు పిలిచాను. లేని విమానానికి భయపడి గోదాముల మీదకి తిరిగావు. ఎర్ర విమానం అన్నాక పలికావు."

లేచి విమానం చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు, కొనడానికి వచ్చిన మనిషిలా.

"వడగళ్ళు పడ్డాక వేశాం. ఆర్డిస్ నీలం అంది," అన్నాడు.

"అవును."

"చూస్తే తెలుస్తుంది వోనీ. ఇలా ఎదురుగా నిలబడితే తెలుస్తుంది. లోపల కూర్చున్నాక బయటి రంగు కనపడదుగా. కనపడకపోతే, నాకు అది ఎర్రదే." అట్ట మీంచి బ్రష్ తీసి పక్కన పెట్టి, "గోదాములకి ఎంత దగ్గరగా వచ్చాను?" అని అడిగాడు.

"దగ్గరగానే."

"కింద నువ్వున్నావు."

"నేనున్నాలే. అది వదిలెయ్."

వదల్లేదని మొహం చెబుతూనే ఉంది. నేను తొందరపడి, దారంతా అనుకుంటూ వచ్చిన మాట చెప్పేశాను. "ఓష్‌కోష్‌కి నేను నడుపుతా. నువ్వు పక్క సీట్లో కూర్చో. పక్కన కూర్చుంటే మాత్రం ఏం పోయింది? ఫిస్క్ దగ్గర రెక్కలు నువ్వే ఊపు. ఎవడికి తెలుస్తుంది?"

"దిగాక?"

"దిగాక ఏముంది? గుడారం వేసుకుంటాం."

"అక్కడ గడ్డిలో ఎన్ని వేల విమానాలుంటాయో నీకు తెలుసా? నువ్వు స్నానానికి వెళ్తావు. నేను కాఫీకని బయల్దేరతా. తిరిగొచ్చేటప్పుడు ఎర్ర విమానం కోసం వెతుకుతా. ఎంతసేపు వెతుకుతానంటావు?"

"చెయ్యి వదలకుండా పట్టుకుంటా."

"చెల్లెలు చెయ్యి పట్టుకుని తిప్పితే చూడ్డానికా నేను ఇన్నేళ్ళు ఆగింది?"

నాకు కోపం వచ్చింది. నాకు దుఃఖం వచ్చినా కోపంగానే వస్తుంది. "ఆగమని ఎవడు చెప్పాడు నీకు? నీళ్ళు పెట్టడానికి మనుషులు దొరకరా? ఒక్క ఏడు ఆ పంట ఎండిపోతే ఏమయ్యేది?" అని అరిచాను. షెడ్డు రేకులు మోగాయి.

"ఏమీ అయ్యేది కాదు," అన్నాడు అన్నయ్య. "ఒక ఏడు పంట పోయేది. ఎవరికీ గుర్తు కూడా ఉండేది కాదు."

నేను వాడి పక్కన, తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాను. బతిమాలాను. బుజ్జగించాను. మొండివాడివన్నాను, మా నాన్న పోలికన్నాను. దేనికీ కదల్లేదు. చివరికి తనే జేబులోంచి విమానం తాళం తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"నువ్వెళ్ళు. గేలెన్ వెనకే వెళ్ళు. వాడి తోకని చూసుకుంటూ పో."

"నువ్వు లేకుండా నేనెళ్ళను."

"వెళ్ళవే. వెళ్ళొచ్చి నాకు చెప్పు. నేనూ వచ్చానని చెప్పు. మనం ఇలా దిగాం, మనం అలా తిరిగాం అని చెప్పు. నాలుగుసార్లు చెప్పావంటే నమ్మేస్తా. ఎలాగూ ఆ దారిలోనే ఉన్నాగా." తన మాటకి తనే నవ్వాడు. "ఇదొక్క లాభమన్నా ఉండాలి కదా ఈ రోగం వల్ల."

నాకు నవ్వు రాలేదు. కానీ తాళం తీసుకున్నాను.

వెళ్ళాను. రిపన్ దగ్గర గేలెన్ తోక పట్టుకున్నాను. కింద రైలు పట్టాలు, ముందు చుక్కల్లా విమానాలు, వెనక ఇంకెన్నో. పక్క సీట్లో గుడారం సంచి ఉంది. దానికి బెల్టు పెట్టాను. "నీలం విమానం, కింది రెక్క, రెక్కలు ఊపండి," అంది రేడియో. ఊపాను. "చక్కగా ఊపారు నీలం విమానం. కుడి రన్‌వే, నారింజ చుక్క. ఓష్‌కోష్‌కి స్వాగతం." ముందు ఏమీ కనపడనంతగా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పైలట్ అలా ఏడవకూడదు. చుక్క కాస్త దాటాక దిగాను.

అక్కడ ఉన్నన్ని రోజులూ చూసింది తక్కువ, కథ కట్టింది ఎక్కువ. వాన పడిన రాత్రి గుడారంలోకి నీళ్ళొస్తే మనం ఏం చేశాం. పాత యుద్ధవిమానం ముందు నిలబడి నువ్వు ఓ ముసలాయనతో ఏం వాదించావు. పెనంలో గుడ్లు మాడితే నన్నేమన్నావు. పక్క విమానం వాళ్ళు కాఫీకి పిలిచినప్పుడు కూడా వాళ్ళ మాటల్లో అన్నయ్యకి ఒక చోటు వెతుకుతూ కూర్చున్నాను. అబద్ధం ఆడటం నాకు అలవాటు లేదు. కానీ ఈ అబద్ధం ఎంత బాగా చెప్పాలో అంత బాగా చెప్పాలనుకున్నాను.

తిరిగొచ్చిన సాయంత్రం అన్నయ్యా వదినా వరండాలో కూర్చుని తీపి మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నారు. నేనూ ఒక కంకి తీసుకుని కూర్చున్నాను.

"మనం రిపన్ చేరేసరికి గాలి బాగా ఉందిరా," అని మొదలుపెట్టాను. వదిన నా వైపు చూసి తల దించుకుంది. అన్నయ్య వింటున్నాడు. వరసలో ముందు గేలెన్ ఉన్నాడని చెప్పాను. వెనకవాడు మన తోక మీదకే వచ్చేస్తుంటే నువ్వు ఎలా తిట్టావో చెప్పాను. నవ్వాల్సిన చోట నవ్వాడు. నాకు ధైర్యం వచ్చింది. "అప్పుడు కిందవాడు పిలిచాడు. నువ్వు ఊపావు. చక్కగా ఊపారన్నాడు. ఓష్‌కోష్‌కి స్వాగతం అన్నాడు."

అన్నయ్య చేతులు ఆగాయి. కంకి పీచు వేళ్ళకి చుట్టుకుని ఉంది.

"చాల్లే వోనీ. నేను రాలేదు."

"వచ్చావురా."

"మొన్న ఆర్డిస్ పేరు తడుముకున్నాను. పొద్దున ఏం తిన్నానో ఇప్పుడడిగితే చెప్పలేను. నేను వెళ్ళలేదన్నది మాత్రం పోవడం లేదే. నువ్వు వెళ్ళిన రోజు నుంచీ చూస్తున్నా, పోతుందేమోనని. పొద్దున లేవగానే ముందు గుర్తొచ్చేది ఇదే." ఒలిచిన కంకిని గిన్నెలో వేశాడు. "నువ్వు చాలా బాగా చెబుతున్నావు. తప్పు నీది కాదు."

వదిన లేచి లోపలికి వెళ్ళిపోయింది. అన్నయ్య ఇంకో కంకి తీసుకున్నాడు.

"ఇప్పుడు నిజం చెప్పు. ఎలా దిగావు?"

మళ్ళీ రిపన్ దగ్గర్నుంచి మొదలుపెట్టాను, ఈసారి మనం అని కాకుండా నేను అని.